ఒకే కప్పు కింద రెండు వంటిళ్లు

డాలస్ శివార్లలో, ఫ్రిస్కో, ప్లేనో, అర్వింగ్ వైపు, స్ట్రిప్ మాల్‌లో నెయిల్ సెలూన్‌కీ డ్రై క్లీనర్స్‌కీ మధ్య ‘థాయ్ అండ్ సుషీ’ అని బోర్డున్న చిన్న రెస్టారెంట్లు కనిపిస్తుంటాయి. టోక్యో నుంచి బ్యాంకాక్ నాలుగు వేల కిలోమీటర్ల పైమాటే. రెండు వంటలకీ చుట్టరికం లేదు. కానీ పచ్చి చేప ముట్టని వాళ్లకి కూరా అన్నం, కారం తినలేని పిల్లలకి టెరియాకి చికెన్ దొరుకుతాయి గనక నలుగురూ నాలుగు రకాలైన కుటుంబానికి ఇంత వీలైన చోటు ఇంకోటి లేదు. ఊరి నుంచి అమ్మానాన్నలు వచ్చినప్పుడు తీసుకెళ్లడానికీ బాగుంటుంది. కాకపోతే కొన్ని సంగతులు ముందే తెలిసి ఉండాలి.

లోపల వంటిళ్లు రెండని గుర్తుపెట్టుకుంటే సగం చిరాకు తప్పుతుంది. సుషీ బార్ దగ్గర ఒకరో ఇద్దరో నోరి అనే నాచు రేకులో అన్నం, చేపో కూరగాయో పెట్టి రోల్స్ చేత్తో చుడుతుంటారు. వెనక వోక్ అనే పెద్ద మూకుడు దగ్గర వేరే మనిషి. ప్యాడ్ థాయ్ అనే వేపుడు నూడుల్స్ నాలుగైదు నిమిషాల్లో దిగిపోతుంది. శనివారం సాయంత్రం పది రోల్స్ చుట్టాలంటే అరగంటైనా ఆశ్చర్యం లేదు. అందుకే ఒకరి కూర చల్లారిపోతుంటే పక్కవాళ్లు ఖాళీ సోయా సాస్ గిన్నె ముందు కూర్చుంటారు. సర్వర్‌ని తిట్టుకుని లాభం లేదు. ముందు రోల్స్ మాత్రమే చెప్పి, అవి టేబుల్ మీదకి వచ్చాక కూరలూ నూడుల్సూ చెప్పండి. వారం మధ్యలో లంచ్‌కి వెళ్తే ఈ గొడవ తక్కువ, ధరా తక్కువ. అయితే ఇలాంటివి చాలావరకు మధ్యాహ్నం మూసేసి ఐదింటికి మళ్లీ తెరుస్తాయి. రెండున్నరకి బయల్దేరే ముందు ఒక ఫోన్ కొట్టడం మంచిది.

అసలు చిక్కు శాకాహారులతో. ‘వెజిటేరియన్’ అంటే సర్వర్‌కి అర్థమయ్యేది ‘ముక్క వెయ్యొద్దు’ అని. ముక్క తీసేసి టోఫు (సోయా పనీర్) వేసిన గ్రీన్ కర్రీలో రొయ్య అలాగే ఉంటుంది, కంటికి కనపడదంతే. థాయ్ కూర ముద్దలో మిరపకాయలు, నిమ్మగడ్డి, అల్లం లాంటి గలాంగల్ దుంపతో పాటు పులియబెట్టిన రొయ్యల ముద్ద కూడా నూరతారు, దాని పేరు కపి. ఆ పైన ఉప్పుకి బదులు నామ్ ప్లా, అంటే ఫిష్ సాస్. ఫిష్ సాస్ పొయ్యి మీద కలిపేది, వద్దంటే మానేస్తారు. ముద్దలో కలిసిపోయిన రొయ్యని ఎవరూ తియ్యలేరు. డబ్బా ముద్ద వాడే చోట అడిగితే లేబుల్ చూసి చెబుతారు, రొయ్య లేని రకాలూ ఉన్నాయి. అడగాల్సిన తీరు ఇది: కర్రీ పేస్ట్‌లో రొయ్య ఉందా, ఫిష్ సాస్ బదులు సోయా సాస్ వేస్తారా, ఆయిస్టర్ సాస్ (ఆల్చిప్పల సాస్) ఉంటే వద్దు, గుడ్డు వద్దు. ఉందో లేదో తేల్చి చెప్పలేకపోతే కూర జోలికి పోకుండా ప్యాడ్ సీ యూ లాంటి వేపుడు నూడుల్స్‌కి మారిపోండి. అవి ఎవరి ప్లేటు వాళ్లకి విడిగా చేస్తారు గనక మార్పులు కుదురుతాయి. ప్యాడ్ థాయ్‌లో మాత్రం ఎండు రొయ్యలు కూడా వద్దని విడిగా చెప్పాలి. వేరుశనగ పడనివాళ్లు దానికీ, మస్సమన్ కూరకీ, సాతే సాస్‌కీ దూరంగా ఉండాలి.

జపనీస్ వైపు ఇదే పని దాషి చేస్తుంది. కొంబు అనే సముద్రపు నాచు, ఎండబెట్టి పొగపట్టించిన బొనీటో చేప తురుము కలిపి తీసిన నీళ్లు అవి. మీసో సూప్ దాంతోనే కాస్తారు. పెద్ద గిన్నెలో ముందే కాచి ఉంచుతారు గనక మీ ఒక్కరి కోసం మార్చడం కుదరదు. టెంపురా పక్కన ఇచ్చే సాస్‌లో, అగెదాషి టోఫు కింద ఉండే పులుసులో, తీపి ఆమ్లెట్ తమాగోలో కూడా దాషి ఉంటుంది. కూరగాయల టెంపురా రొయ్యలు వేయించిన నూనెలోనే వేగొచ్చు. పట్టింపు ఉన్నవాళ్లు అడిగి చెప్పుకోవాలి. క్రాబ్ స్టిక్‌లో పీత లేదని ధీమా పడొద్దు. అది పొలాక్ లాంటి తెల్లచేప ముద్ద, గుడ్డు తెల్లసొన, పిండి. ఇక మిగిలేవి ఎడమామే అనే పచ్చి సోయా కాయలు, అవకాడో రోల్, దోసకాయ పెట్టిన కప్పా మాకి, ముల్లంగి ఊరగాయ పెట్టిన ఓషింకో. ఇంట్లో పెద్దవాళ్లకి ఉప్పు చల్లిన ఎడమామే బాగా నచ్చుతుంది, ఉడకబెట్టిన అనపకాయలు వలుచుకు తిన్నట్టే ఉంటుంది.

కారం దగ్గర మనవాళ్లు చేసే పొరపాటు ఒకటుంది. ‘థాయ్ హాట్’, ‘ఐదు నక్షత్రాలు’ అని ధైర్యంగా చెప్పేస్తారు. వేపుళ్లకీ, బొప్పాయి సలాడ్‌కీ అది చెల్లుతుంది, పచ్చి మిరపకాయలు అప్పటికప్పుడు దంచో వేయించో వేస్తారు. కూర కారం ముద్దలోనే నిర్ణయమైపోయింది. పెంచమంటే చాలాచోట్ల చివర్లో పొడి కారం చల్లి పంపుతారు, పచ్చివాసన వస్తుంది. కూరని మీడియంలో ఉంచి, వేయించిన మిరప పొడి గానీ, ఫిష్ సాస్‌లో సన్న మిరపకాయ ముక్కలు వేసిన ప్రిక్ నామ్ ప్లా గానీ పక్కన అడగండి. తగ్గించడం కూడా ఇంతే, ఆకుపచ్చ కూర చప్పగా రాదు. కారం వద్దనేవాళ్లకి మస్సమన్ నయం.

థాయ్ వైపు చెయ్యి తిరిగిందో లేదో తెలియాలంటే టామ్ యమ్ అనే పుల్లటి కారం సూప్ తెప్పించుకోవాలి. గిన్నె దగ్గరికి రాగానే నిమ్మగడ్డీ, మజ్జిగలో నలిపిన దబ్బాకు లాంటి లైమ్ ఆకుల వాసనా రావాలి. ఆ ఆకులూ, చెక్కముక్కల్లాంటి గలాంగల్ చక్రాలూ నమలడానికి కాదు, కరివేపాకులా పక్కకి తీసెయ్యాలి. ప్యాడ్ థాయ్ ఎర్రగా వచ్చిందంటే చింతపండు తగ్గించి కెచప్ పోశారేమోనని అనుమానించాలి. ప్యాడ్ క్రపావ్ అనే వేపుడులో పడాల్సింది మన తులసే. అమెరికాలో అది సులువుగా దొరకదు గనక సోంపు వాసన వేసే థాయ్ బేసిల్‌తో నడిపించేస్తారు. తప్పేం కాదు, వంట మాత్రం వేరే.

సుషీ వైపు పరీక్ష అన్నం. ఒక్క సాల్మన్ నిగిరి, అంటే చిన్న అన్నం ముద్ద మీద చేప ముక్క పెట్టింది, చాలు. వెనిగర్, పంచదార, ఉప్పు కలిపిన ఆ అన్నం ఒంటి వేడికి దగ్గరగా ఉండాలి. వేళ్లతో ఎత్తితే విడిపోకూడదు, నోట్లో పెట్టగానే మెతుకు మెతుకుగా విడిపోవాలి. చల్లగా, గట్టిగా ఉందంటే చేసి చాలాసేపైంది, లేదా ఫ్రిజ్‌లో పెట్టారు. అలాంటి చోట రోల్స్ మీద ఎంత స్పైసీ మేయో పోసినా దండగే. నిగిరిని చేత్తో తినొచ్చు. పక్కకి వాల్చి చేప వైపు సోయా సాస్‌లో అద్దాలి. అన్నం వైపు అద్దితే అది పీల్చేసుకుని ముద్ద గిన్నెలోనే చితికిపోతుంది. అల్లం ముక్కలు ఒక చేపకీ ఇంకో చేపకీ మధ్య నోరు శుభ్రం కావడానికి, పైన పెట్టుకోవడానికి కాదు. ఆకుపచ్చ ముద్ద చాలాచోట్ల అసలు వసాబి కాదు, హార్స్‌రాడిష్‌కి ఆవపిండీ రంగూ కలిపింది. ముక్కుకెక్కే ఆ ఘాటు మన ఆవపెట్టిన కూర ఘాటే.

చేప ఫ్రోజెన్ అంటే మొహం చిట్లించనక్కర్లేదు. పచ్చిగా వడ్డించే చాలా రకాల చేపని మైనస్ 20 డిగ్రీల సెల్సియస్‌లో 7 రోజులో, మైనస్ 35 దగ్గర గడ్డకట్టించి 15 గంటలో ఉంచాలని అమెరికాలో ఆహారం, మందుల నాణ్యత చూసే ఎఫ్‌డీఏ చెబుతుంది. చేపలో ఉండే పరాన్నజీవి పురుగులు చావడానికి ఈ జాగ్రత్త. ‘సుషీ గ్రేడ్’ అన్న మాటకి మాత్రం చట్టంలో నిర్వచనం లేదు, అది అమ్మకపు మాట. మెనూలో ‘వైట్ ట్యూనా’ కనిపిస్తే ఏ చేప అని అడగండి. చాలాసార్లు అది ఎస్కొలార్ అనే వేరే చేప. వెన్నలా ఉంటుంది గానీ అందులోని మైనం లాంటి కొవ్వు మనకి అరగదు. ఎక్కువ తింటే నూనె విరేచనాలు. జపాన్‌లో దీని అమ్మకాన్ని 1977లోనే నిషేధించారు. ఒకటి రెండు ముక్కలతో ఆపెయ్యండి, పిల్లలకి అసలొద్దు.

బిల్లు వచ్చాక ఒక్క నిమిషం చూడాలి. 80 డాలర్ల భోజనానికి ఇక్కడి సేల్స్ ట్యాక్స్ 8.25 శాతం చొప్పున 6.60. ట్యాక్స్‌కి ముందున్న మొత్తం మీద 20 శాతం టిప్ అంటే 16, వెరసి 102.60. బిల్లు కట్టించుకునే కొన్ని ట్యాబ్లెట్ తెరలు ట్యాక్స్ కలిపిన 86.60 మీద లెక్కగట్టి 17.32 చూపిస్తాయి. ఆరుగురు దాటితే చాలాచోట్ల గ్రాట్యుయిటీ పేరుతో టిప్ ముందే కలిపేస్తారు. బిల్లులో ఆ లైను చూడకపోతే టిప్ రెండుసార్లు ఇచ్చినట్టే.

మిగిలినవాటిలో ఇంటికి తెచ్చుకోదగ్గది కూర. రెండు గంటల లోపు ఫ్రిజ్‌లో పెట్టాలి. రోల్స్ తేకండి: రాత్రికల్లా అన్నం బిరుసెక్కుతుంది, నోరి సాగుతుంది, పచ్చి చేపని వేడి చేసుకోనూ లేం. కాబట్టి చివర్లో ఇంకో రోల్ చెబుదామా అని సందేహం వస్తే వద్దు. పానాంగ్ కూర అయితే చెప్పుకోండి, మర్నాడు వేడన్నంలోకి పనికొస్తుంది.