ఈస్టర్ సెలవుల్లో సిక్కోలు చుట్టూ: ఊళ్లు బాగున్నాయి, లాడ్జీ బిల్లే చూసుకోవాలి

ఫోన్లో రాత్రికి 1,600 అని ఒప్పుకున్న ఏసీ గది, సిక్కోలులో, అంటే శ్రీకాకుళంలో, లాడ్జీ కౌంటరు దగ్గరికి వెళ్లేసరికి 2,200 అయింది. "పండగ కదా సార్, రేటు మారిపోనాది" అన్నాడు కౌంటరులో కుర్రాడు, తల కూడా ఎత్తకుండా. రెండు రాత్రులకు 4,400. పిల్లలకు వేసిన పరుపుకు రాత్రికి 400 చొప్పున 800. ఆ పైన 12 శాతం జీఎస్టీ అంటూ 624. మొత్తం 5,824 రూపాయలు, అదీ ఓ తెల్ల చీటీ మీద పెన్నుతో రాసిన లెక్క.

2025 సెప్టెంబరు 22 నుంచి రోజుకు 7,500 లోపు గదికి జీఎస్టీ 5 శాతమే. అంటే 5,200కి 260 మించకూడదు. ఆ 5 శాతమైనా అడగాలంటే బిల్లు మీద 15 అక్షరాల జీఎస్టీ నంబరు ఉండాలి. రిజిస్ట్రేషనే లేని లాడ్జీకి పన్ను వసూలు చేసే హక్కు లేదు. "నంబరు వేసి ఇవ్వండి, 5 శాతం కడతాం" అని కౌంటరు దగ్గరే నిలబడితే పన్ను మొత్తం కొట్టేశారు. రాత్రికి పెంచిన 600 మాత్రం తగ్గించలేదు. ఫోన్ మాటకు సాక్ష్యం ఏముంటుంది? మా అత్తగారు ఆ 600 గురించి పలాస దాకా మాట్లాడుతూనే ఉన్నారు.

అందుకే గది మాట్లాడాక నాలుగు సంగతులు వాట్సాప్‌లో రాయించుకోండి: ఏ తేదీకి ఎంత, అదనపు పరుపుకు ఎంత, చెకౌటు మధ్యాహ్నం 12కా లేక దిగిన వేళ నుంచి 24 గంటలా, కరెంటు పోతే జనరేటరు మీద ఏసీ నడుస్తుందా. చివరిది చాలామంది అడగరు. చిన్న లాడ్జీల్లో జనరేటరు ఫ్యానుకీ లైటుకీ తప్ప ఏసీకి రాదు. ఏప్రిల్లో రాత్రి రెండింటికి కరెంటు పోతే పిల్లలు లేచి కూర్చుంటారు, ఇంక పెద్దవాళ్లకూ నిద్ర ఉండదు. సాయంత్రం దిగేవాళ్లకు 24 గంటల లెక్కే లాభం. ఆర్టీసీ కాంప్లెక్స్ వైపు కిటికీ ఉన్న గది ఎంత చవకగా ఇచ్చినా వద్దు, హారన్లు తెల్లార్లూ ఆగవు.

విశాఖ నుంచి శ్రీకాకుళం 110 కిలోమీటర్లకు అటూ ఇటూ. శుక్రవారం దారిలో విజయనగరం కోట, మూడు లాంతర్ల కూడలి చూసేశాం. ఇబ్బంది ఏమీ లేదు.

అందరూ తప్పు చేసేది అరసవల్లి విషయంలో. ఈస్టర్ ఎప్పుడూ ఆదివారమే. సూర్యనారాయణస్వామి గుడికి వారం మొత్తంలో జనం విరగబడేదీ ఆదివారమే. సెలవులు కూడా తోడైతే క్యూలో ముసలివాళ్లను నిలబెట్టడం అన్యాయం. శనివారం ఉదయం ఏడింటికల్లా వెళ్తే దర్శనం తేలిగ్గా అయిపోతుంది.

ఆదివారం గార వైపు వెళ్లండి. చర్చిలకూ సమాధుల తోటలకూ వెళ్లేవాళ్లు తెల్లవారకముందే కొవ్వొత్తులతో రోడ్ల మీద ఉంటారు, బండి నెమ్మదిగా నడపాలి. ముందు శాలిహుండం. వంశధార ఒడ్డున కొండ మీది ఈ బౌద్ధ స్తూపాలను 1919లో వెలుగులోకి తెచ్చింది గిడుగు రామమూర్తి గారు. ఎండెక్కితే మెట్లు ఎక్కలేరు, ఎనిమిదిలోపు దిగిపోవాలి. నీళ్లు కిందే కొని పట్టుకెళ్లండి. కళింగపట్నంలో లైట్‌హౌస్, తీరం చూడటం వరకే, నది సముద్రంలో కలిసే చోట పిల్లల్ని నీళ్లలోకి దింపకండి. శ్రీకూర్మంలో కూర్మనాథస్వామి గుడి తలుపులు మధ్యాహ్నం వేసేస్తారు కాబట్టి పదకొండుకల్లా చేరాలి. స్వామి పడమటి ముఖంగా ఉంటాడు, ధ్వజస్తంభాలు రెండు. మా పిల్లలు మాత్రం గుడిలో పెంచే నక్షత్ర తాబేళ్ల దగ్గర్నుంచి కదల్లేదు.

ఖాదీకి పేరున్న పొందూరు శనివారానికి పెట్టుకోండి, గుడ్ ఫ్రైడే నాడు దుకాణం తలుపులు మూసి ఉండొచ్చు. దుకాణంలో చీరలు చూసి వచ్చేయకుండా, నూలు వడికే ఇల్లు చూపించమని అడగండి. పత్తిని వాలుగ చేప దవడ ఎముకతో దువ్వుతారు. దాని పళ్లు దువ్వెన పళ్లకన్నా సన్నం. దూది పోగులు ఒకే వైపు సాగుతాయి, నలకలు పళ్లకు పట్టుకుని ఆగిపోతాయి. గింజ తీయడం, ఏకడం, ఏకులు చుట్టడం, అన్నీ చేత్తోనే. వంద కౌంటు, అంటే చాలా సన్నటి నూలు, పంచె ధర వేలల్లో ఎందుకుందో ఇది చూశాక ఇక బేరమాడబుద్ధి కాదు. కొనేముందు బట్టను వెలుతురుకు ఎత్తి చూడండి. చేతి నూలులో అక్కడక్కడా సన్నం, లావు కనిపిస్తాయి. పోగులన్నీ అచ్చుగుద్దినట్టు ఒకేలా ఉంటే అది మిల్లు నూలు.

పలాస దూరమే అయినా మేము సంతోషంగా డబ్బు ఖర్చు పెట్టింది అక్కడే. కాశీబుగ్గలో 140 రూపాయల భోజనంలో పచ్చి జీడిపప్పు కూర వేశారు. ఎండబెట్టిన పప్పు నానబోసి వండితే ఆ మెత్తదనం రాదు. జీడి కాపు ఉన్న ఈ నెలల్లోనే దొరుకుతుంది, తప్పకుండా అడగండి. ఉద్దానం తోటల దగ్గర ఆగితే పిల్లల్ని పచ్చి జీడిగింజలు ముట్టుకోనివ్వకండి, తొక్కలోని జీడి రసం చర్మాన్ని కాలుస్తుంది.

జీడిపప్పు కొనేటప్పుడు 240, 320 అనే అంకెలు పౌండుకు, అంటే సుమారు 454 గ్రాములకు, ఎన్ని గింజలో చెబుతాయి. అంకె పెరిగేకొద్దీ గింజ చిన్నది, ధర తక్కువ. 320 రకాన్ని 240 అని అంటగట్టడం మామూలే. వంద గ్రాములు తూయించి లెక్కపెట్టండి: 240 అయితే 48 నుంచి 53 గింజలు, 320 అయితే 66 నుంచి 70. ఒక గింజ విరిచి చూడండి, టక్కుమని విరగాలి. వంగితే తేమ పట్టినట్టు. సంచి అడుగున పిండి కనిపిస్తే పురుగు. మేము 320 రకం కిలో 900కి, బద్ద 780కి కొన్నాం. పాయసానికీ కూరకూ బద్ద చాలు, గుండు పప్పు ఎవరికైనా ఇవ్వడానికే. తిరుగు దారిలో మడపాం టోల్ దాటకముందే ఫాస్టాగ్‌లో డబ్బులు చూసుకోండి. ట్యాగ్ పనిచేయకపోతే యూపీఐతో ఒకటింబావు రెట్లు కట్టాలి.