సేబర్ రాట్లింగ్: కత్తులు దూయడమా, కాలు దువ్వడమా?

ఆంగ్ల యుద్ధ వార్తలు తెలుగు చేసేటప్పుడు ‘సేబర్ రాట్లింగ్’ (పోరుకు దిగకుండా బలం చూపి బెదిరించడం) దగ్గర నా కలం ప్రతిసారీ ఆగుతుంది. సేబర్ అంటే అశ్వికదళం వాడిన వంపు కత్తి. అది ఒరలో గలగలలాడితే వచ్చే చప్పుడే ఈ పలుకుబడి. 1924 సెప్టెంబరులో చిలీ రాజధాని శాంటియాగోలో ఇది అక్షరాలా జరిగింది. పార్లమెంటు సభ్యుల జీతాల బిల్లుపై కోపంతో యువ సైనికాధికారులు సెనేట్ గ్యాలరీలో కత్తులతో చప్పుడు చేశారు. రెండు వారాలు తిరగకముందే అధికారం సైన్యం చేతికి వెళ్లింది. రక్తం చిందలేదు, చప్పుడుతోనే పని జరిగింది.

అందుకే ‘కత్తులు దూశారు’ అని రాస్తే నాకు ఒళ్లు మండుతుంది. దూసిన కత్తి ఒరలో లేదు కదా! ‘కత్తులు నూరుతున్నారు’ కొంత నయం, కానీ అందులో ఉన్నది లోలోపల రగిలే పగ. ఎదుటివాడి చెవిన పడాలనే ఉద్దేశం దానికి లేదు. ఇద్దరి మధ్య పాత వైరానికి అది చక్కగా సరిపోతుంది. ‘యుద్ధభేరి మోగించారు’ అంటే సేన కదిలినట్టే. ‘కత్తి ఝళిపించడం’ రూపంలో దగ్గరిదే. అయితే ‘కొరడా ఝళిపించిన అధికారులు’ అంటే చర్య తీసుకున్నారనే మన పాఠకులు అర్థం చేసుకుంటారు. ఆ అలవాటు కత్తికీ అంటుకుంటుంది.

నా ఓటు ‘కయ్యానికి కాలు దువ్వడం’కే. ఎద్దు తల వంచి, గిట్టతో మట్టి ఎగజిమ్ముతుంది, కానీ ఇంకా కుమ్మలేదు. చూసేవాళ్లు మాత్రం వెనక్కి తగ్గుతారు. ఆంగ్లంలో చెవికి వినిపించే బెదిరింపు తెలుగులో కంటికి కనిపిస్తుంది, అంతే తేడా.

ఇదీ అన్నిచోట్లా చెల్లదు. కాలు దువ్వేవాడికి కయ్యమే కావాలి. సేబర్ చప్పుడు చేసేవాడికి చాలాసార్లు పోరు అక్కర్లేదు, ఎదుటివాడు లొంగితే చాలు. చర్చలకు ముందు ఒక దేశం క్షిపణిని పరీక్షించిందనుకోండి, ‘కయ్యానికి కాలు దువ్వింది’ అంటే దాని మనసులో లేని కోరికను మనం అంటగట్టినవాళ్లమవుతాం. సరిహద్దు ఊళ్లలో ఆ వార్త చదివేవాళ్లకు ఈ తేడా చిన్నది కాదు. అలాంటి వార్తలో నేను జాతీయాన్ని పక్కనపెట్టి ‘చర్చలకు ముందు బలప్రదర్శన’ అనే రాస్తాను.