ఫుంట్‌షోలింగ్ నుంచి సంద్రుప్ జోంఖార్ దాకా: భూటాన్ గైడెడ్ బైక్ టూర్ రివ్యూ

భూటాన్‌ను పడమటి నుంచి తూర్పుకు దాటించే బైక్ టూర్లు దాదాపు అన్నీ ఒకే హైవే మీద నడుస్తాయి. ఫుంట్‌షోలింగ్ దగ్గర లోపలికి వెళ్లి, పారో, థింఫు, పునాఖా, ట్రాంగ్సా, బుమ్‌తాంగ్, మోంగర్, ట్రషిగాంగ్ మీదుగా వచ్చి సంద్రుప్ జోంఖార్ దగ్గర అస్సాంలోకి దిగుతాయి. ఈ రివ్యూ అలాంటి పది రాత్రుల ప్యాకేజీ గురించి. అద్దె బైకు రాయల్ ఎన్‌ఫీల్డ్ హిమాలయన్ 411. ముందు లీడ్ రైడర్, చివర స్వీప్ రైడర్, వాళ్ల వెనక మెకానిక్‌తో బ్యాకప్ వ్యాన్, లైసెన్సున్న భూటానీ గైడ్ ఉంటారు. దారి తప్పే అవకాశమే లేని చోట దారి చూపించడానికి ఎవరికీ డబ్బు ఇవ్వనక్కర్లేదు. ఇక్కడ డబ్బు పెట్టేది మూడు పనులకు: పర్మిట్లు, వ్యాను, ఏ రోజు ఎంత దూరం నడపాలన్న లెక్క. మొదటి రెండూ చక్కగా చేశారు. మూడో దాంట్లో మాత్రం ఒక రోజును తప్పుగా వేశారు. ఆ రోజే ఈ టూర్ మొత్తంలో కష్టమైన రోజు.

ముందు కాగితాల సంగతి. భారతీయులకు పాస్‌పోర్టు గానీ ఓటరు కార్డు గానీ ఉండాలి. ఆధార్ చెల్లదు. పాస్‌పోర్టు అయితే కనీసం ఆరు నెలల గడువు మిగిలి ఉండాలి. ప్రభుత్వం వసూలు చేసే సస్టెయినబుల్ డెవలప్‌మెంట్ ఫీజు భారతీయులకు మనిషికి రాత్రికి 1200 రూపాయలు, అంటే ఈ టూర్‌కు 12,000. మిగతా దేశాల వాళ్లలో ఎక్కువమందికి రాత్రికి 100 డాలర్లు. ఇది ప్యాకేజీ ధరలో కలిసిందా లేదా అన్నది బుక్ చేసేటప్పుడే రాతపూర్వకంగా అడగండి. చాలా ప్రకటనల్లో కనిపించే ధర ఈ ఫీజు కలపకుండా వేసినదే. పారో, థింఫు దాటి వెళ్లాలంటే గైడ్ తప్పనిసరి, కాబట్టి "గైడ్ లేకుండా తక్కువకే" అని ఎవరైనా చెబితే ఆ మాట నమ్మొద్దు. థింఫు దాటాక హోంత్షో చెక్‌పోస్టు దగ్గర కాగితాలు చూస్తారు. గైడ్ ఫైలు సిద్ధంగా ఉంచుకుంటే అందరి పనీ ఒకేసారి అయిపోతుంది, లేకపోతే ఒక్కొక్కరిగా నిలబడాలి. ఈ టూర్‌లో ఆ ఇబ్బంది లేదు. బైకులు భూటాన్ రిజిస్ట్రేషన్‌వే కావడం ఇంకో మేలు. మన నంబరు ప్లేటు బండి తీసుకెళితే దానికి విడిగా పర్మిట్ తీయించాలి. శని, ఆదివారాలు ఆఫీసులకు సెలవు.

బైకు అప్పగించేటప్పుడు అరగంట కేటాయించారు. అది చాలదు, గంట అడిగి తీసుకోండి. గీతలకు, సొట్టలకు ఫోటోలు అందరూ తీసుకుంటారు. అంతకంటే ముఖ్యమైనవి వేరే ఉన్నాయి. చక్రాల చువ్వలను ఒక్కొక్కటిగా స్పానర్‌తో తట్టి చూడండి. బిగువుగా ఉన్నవన్నీ ఒకే రకంగా మోగుతాయి, వదులైనది చప్పగా మోగుతుంది. ముందు, వెనక బ్రేక్ ప్యాడ్ల మందం టార్చి వేసి చూడండి. సగం కంటే తక్కువ మిగిలితే అక్కడికక్కడే మార్పించండి, ఎందుకో కింద చెబుతాను. చైను ఒక చోట బిగువుగా, మరో చోట వదులుగా ఉంటే అది అరిగిపోయిందని అర్థం, సర్దితే బాగుపడదు. హిమాలయన్‌కు ముందు 21, వెనక 17 అంగుళాల చక్రాలు, రెండూ ట్యూబ్ టైర్లే. ఒక్కరే నడిపితే గాలి ముందు 25, వెనక 32 పీఎస్ఐ. బురదలో పట్టు దొరుకుతుందని గాలి బాగా తగ్గించేవాళ్లుంటారు. ట్యూబ్ టైరుకు ఆ పని చేయకూడదు. రాతి అంచు తగిలితే టైరు రిమ్ దాకా నొక్కుకుపోయి, మధ్యలో ఇరుక్కున్న ట్యూబ్ పక్కపక్కనే రెండు చోట్ల తెగుతుంది.

వ్యానులో రెండు సైజుల ట్యూబులు, క్లచ్, యాక్సిలరేటర్ కేబుళ్లు, రెండు లీవర్లు, ప్యాడ్లు, ప్లగ్గు, ఫ్యూజులు, చైన్ లింకులు, ఇంజిన్ ఆయిల్ ఉన్నాయి. ఒక్క బ్రేక్ ఆయిల్ డబ్బా మాత్రం లేదు. ఈ దారికి అది లేకపోవడం లోటే. మెకానిక్ పనితనానికి మాత్రం పూర్తి మార్కులు. రోజూ సాయంత్రం అడగకుండానే చైన్లు తుడిచి లూబ్ వేసి, చక్రాల ఇరుసు నట్లు చూసి, మరుసటి ఉదయం ఏ బండికి ఏం చేశాడో రైడర్‌కు చెప్పాడు.

మొదటి రోజు ఫుంట్‌షోలింగ్ నుంచి ఎక్కుతుంటే గేదు ప్రాంతంలో పొగమంచు కమ్ముకుంటుంది. పదిహేను అడుగుల అవతల ఉన్న ట్రక్కు కూడా కనపడదు. లీడ్ రైడర్ ఇక్కడ వేగం బాగా తగ్గించి, అందరి చేతా హజార్డ్ లైట్లు వేయించి, ఒకరి వెనక ఒకరిని పోనిచ్చాడు. మంచి పద్ధతి. పారోలో రెండు రాత్రులు. మధ్య రోజు 3988 మీటర్ల చేలెలా కనుమకు ఎక్కి దిగడం. ఆకాశం తేటగా ఉంటే అక్కణ్నుంచి 7326 మీటర్ల జోమొల్హరి కనిపిస్తుంది. అందుకని పొద్దున్నే బయలుదేరాలి, పది దాటితే మబ్బు పడుతుంది. బండికి, మనిషికి ఎత్తు అలవాటు కావడానికి ఈ రోజు బాగా పనికొస్తుంది. రాత్రి మళ్లీ 2200 మీటర్లకే దిగి పడుకుంటాం కాబట్టి తలనొప్పి, వాంతుల బెడద తక్కువ.

ఎత్తు పెరిగేకొద్దీ బండి నీరసించడం చూసి కొందరు మెకానిక్‌ను పిలుస్తారు. అది లోపం కాదు. ఫ్యూయల్ ఇంజెక్షన్ పెట్రోలు పాళ్లు సరిచేయగలదు గానీ లేని గాలిని తేలేదు. 3700 మీటర్ల పైన ఇంజిన్ శక్తిలో సుమారు మూడో వంతు పోతుంది. అసలే 24 హార్స్‌పవర్ బండి. వెనక మనిషి, సామాను ఉంటే హెయిర్‌పిన్ మలుపుల్లో రెండో గేరు కూడా లాగదు, మొదటి గేరుకు రావాలి. జంటగా వచ్చేవాళ్లు సామానంతా వ్యానులో వేయడం మంచిది.

థింఫు, దోచులా కనుమ, పునాఖా హాయిగా సాగిపోతాయి. ఫోబ్జిఖా లోయలో ఒక రాత్రి. అక్టోబరు చివర నుంచి శీతాకాలమంతా నల్లమెడ కొంగలు అక్కడే ఉంటాయి. నవంబరులో రాత్రి సున్నా కిందికి పోతుంది, ఉదయం సీటు మీద మంచు గీకాల్సి వస్తుంది. బస గదిలో కట్టెల పొయ్యి ఉంది, వేడినీళ్లు అడిగినప్పుడల్లా ఇచ్చారు. మర్నాడు 3400 మీటర్ల పెలెలా కనుమ దాటి, ట్రాంగ్సా జోంగ్ (కోటలాంటి మఠం) చూసి, యోతోంగ్‌లా కనుమ ఎక్కి దిగి బుమ్‌తాంగ్. ఇదీ పొడుగాటి రోజే కానీ వేళకే చేరుకున్నాం. జోంగులు చూడాలనుకుంటే పొడుగు చేతుల చొక్కా, పొడుగు ప్యాంటు పైసంచిలోనే ఉంచుకోవాలి. రైడింగ్ గేర్‌తో లోపలికి వెళ్లాలంటే ప్రతిచోటా గైడ్ బతిమాలాల్సి వస్తుంది.

ఇక అసలు రోజు: బుమ్‌తాంగ్ నుంచి మోంగర్. దూరం 190 కిలోమీటర్లకు కాస్త అటూఇటూ. కాగితం మీద చూస్తే తేలిక. ఊరా గ్రామం దాటి 3780 మీటర్ల థ్రుమ్‌షింగ్‌లా కనుమ ఎక్కాలి. అక్కణ్నుంచి సెంగోర్, నామ్‌లింగ్ మీదుగా కురిచ్ఛు నది వంతెన దాకా దిగాలి. వంతెన ఎత్తు 600 మీటర్ల లోపే. అంటే ఒక్క పూటలో 3000 మీటర్ల పైగా దిగుడు. కనుమ దగ్గర వేళ్లు కొంకర్లు పోతాయి, కింద అరటి చెట్ల మధ్య జాకెట్ విప్పేయాల్సి వస్తుంది. నామ్‌లింగ్ దగ్గర రోడ్డును నిలువు కొండ ముఖం మీద తొలిచారు. ఆ పనిలో చాలామంది కూలీలు ప్రాణాలు పోగొట్టుకున్నారు. పై నుంచి నీరు కారుతూ ఉంటుంది, రాళ్లూ పడుతుంటాయి, అక్కడ ఫోటోల కోసం ఆగకూడదు.

ఈ దిగుడులో ప్రమాదం బ్రేకుల వేడితో వస్తుంది. వెనక పెడల్ మీద పాదం ఆనించి ఉంచే అలవాటున్నవాళ్ల డిస్కు అరగంటలో కాగిపోతుంది. ప్యాడ్లు పలచబడి ఉంటే ఆ వేడి తేలికగా కాలిపర్‌లోని (ప్యాడ్లను డిస్కుకు నొక్కే భాగం) బ్రేక్ ఆయిల్‌కు చేరుతుంది. పాత ఆయిల్ తేమ పీల్చుకుని ఉంటుంది, కాబట్టి త్వరగా మరుగుతుంది. అందులో బుడగలు పుడితే పెడల్ మెత్తగా కిందికి పోతుంది, బండి మాత్రం ఆగదు. చేయాల్సింది ఇది: రెండో, మూడో గేరులో ఉంచి ఇంజిన్‌తోనే వేగం అదుపు చేయాలి. మలుపుకు ముందు రెండు బ్రేకులూ కలిపి గట్టిగా ఒకసారి పట్టి వదిలేయాలి. క్లచ్ పట్టుకుని జారనివ్వకూడదు. పెడల్ మెత్తబడినట్టు అనిపించగానే పక్కకు తీసి పావుగంట చల్లారనివ్వాలి. కాలిన డిస్కు మీద నీళ్లు పోయొద్దు, వంకర పోతుంది. లీడ్ రైడర్ ఇదంతా కనుమ దగ్గర ఆపి వివరంగా చెప్పాడు. చెప్పడమే కాదు, దిగుడులో మూడు చోట్ల ఆపి ప్రతి బండి పెడల్ తానే నొక్కి చూశాడు. ఇలాంటి మనిషి ముందుంటే ఆ టూర్‌కు పెట్టిన డబ్బుకు న్యాయం జరిగినట్టే.

మరి తప్పు ఎక్కడంటే బయలుదేరే వేళలో. ఉదయం తొమ్మిదికి కదిలి, దారిలో ఊరా గ్రామం చూడడానికి గంటన్నర ఇచ్చారు. దాంతో కనుమ చేరేసరికి మధ్యాహ్నమైంది, నామ్‌లింగ్ దగ్గర మబ్బు దిగింది, చివరి గంటన్నర చీకట్లో నడపాల్సి వచ్చింది. భూటాన్‌లో నవంబరు పొద్దు సాయంత్రం అయిదు దాటగానే గుంకుతుంది. ఈ కొండల్లో సగటు వేగం గంటకు 25, 30 కిలోమీటర్లకు మించదు. ఫోటోలు, భోజనం కలిపితే 190 కిలోమీటర్లకు పది గంటల పైనే. రోడ్డుపని నడుస్తున్న చోట ట్రాఫిక్ ఆపితే ఇంకా ఎక్కువ. బుమ్‌తాంగ్‌లోని రెండు రాత్రుల్లో రెండోదాన్ని ఊరాకు మారిస్తే దాదాపు యాభై కిలోమీటర్లు తగ్గిపోతాయి, గ్రామమూ తీరిగ్గా చూడొచ్చు. నిర్వాహకులకు ఈ మాట చెబితే విన్నారు గానీ ఊరాలో హోటల్ గదులు తక్కువన్నారు. ఫామ్‌హౌస్ బసలో నేల మీద పరుపు వేసుకోవాల్సి వచ్చినా చీకట్లో ఆ దారి దిగడం కంటే అదే నయం. మీరు బుక్ చేసేటప్పుడు ఇదొక్కటి పట్టుబట్టి అడగండి. కుదరదంటే కనీసం ఆరున్నరకు బయలుదేరేలా ఒప్పించండి. బుమ్‌తాంగ్‌లోనే ట్యాంకు నింపుకోండి.

తిండి పరవాలేదు. ఎర్రన్నం, ఎమా దత్షి (మిరపకాయలు, చీజ్ కలిపి వండే కూర), పప్పు దాదాపు ప్రతిచోటా దొరుకుతాయి, మనవాళ్లకు కారం ఇబ్బంది కాదు. శాకాహారులకు బంగాళాదుంపల కెవా దత్షి ఉంది. రోజూ చీజ్ పడనివాళ్లు ముందే చెబితే వేరుగా వండించారు.

వైద్యం విషయంలో థింఫు దాటాక చెప్పుకోదగ్గ పెద్ద ఆసుపత్రి మళ్లీ మోంగర్‌లోనే. వ్యానులో ఆక్సిజన్ సిలిండరు, స్ప్లింట్లు ఉన్నాయి. ట్రావెల్ ఇన్సూరెన్స్ తీసుకునేటప్పుడు మీ పాలసీ 400 సీసీ దాటిన బైకు నడపడానికి, హెలికాప్టర్ తరలింపుకు వర్తిస్తుందో లేదో చదువుకోండి. సీసీ పరిమితి పెట్టే పాలసీలు ఉంటాయి, హిమాలయన్ 411 అక్కడే చిక్కుకుంటుంది.

వెళ్లే నెలలు అక్టోబరు, నవంబరు, లేదా మార్చి నుంచి మే మొదటి వారాల దాకా. జూన్ నుంచి సెప్టెంబరు దాకా కొండచరియలు విరిగి దారి గంటల తరబడి, ఒక్కోసారి రోజుల తరబడి మూతపడుతుంది. డిసెంబరు తర్వాత కనుమల్లో ఎండ తగలని మలుపుల మీద పలచని మంచుగడ్డ పడుతుంది. తారు రంగులోనే ఉంటుంది కాబట్టి కంటికి ఆనదు. ఆ రెండు కాలాల్లో ఎవరైనా తగ్గింపు ధర చూపిస్తే వద్దనండి.

చివరి రోజు ట్రషిగాంగ్ నుంచి సంద్రుప్ జోంఖార్ 180 కిలోమీటర్లు, మళ్లీ దిగుడే, మళ్లీ మలుపులే. బండి అప్పగింత, డిపాజిట్ లెక్క, ఎగ్జిట్ పని అన్నీ సాయంత్రం మీద పడతాయి. సరిహద్దు దాటగానే గడియారం అరగంట వెనక్కి పోతుంది గానీ ఆ అరగంట ఎందుకూ చాలదు. గౌహతి ఇంకా మూడు గంటల దూరం. అదే రాత్రికి రైలో విమానమో బుక్ చేసుకోకండి.