జాగ్రత్త: సీ-276 అని చెప్పి 316 అంటగట్టారు

తళతళలాడే సర్టిఫికెట్లు ఇచ్చే ఆ సప్లయర్ మీలో చాలామందికి తెలిసినవాడే, పేరు ఎందుకులెండి. పిక్లింగ్ తొట్టికి (వేడి హైడ్రోక్లోరిక్ యాసిడ్‌లో ఇనుము తుప్పు వదిలించేది) స్టీమ్ కాయిల్ కావాలి, హాస్టెల్లాయ్ సీ-276 అనే నికెల్ మిశ్రలోహంతోనే చేయాలని ఆర్డర్‌లో రెండుచోట్ల రాశాను. డబ్బు మొత్తం ముందే కట్టించుకున్నాడు. కాయిల్ బతికింది 9 రోజులు.

పదో రోజు పొద్దున చూస్తే తొట్టిలో మట్టం పెరిగి ఉంది. నీళ్లు వదిలేశావని మా కుర్రాణ్ణి తిట్టాను కూడా, పాపం. కాయిల్ పైకి లాగితే వెల్డు పక్కనే చిల్లు, అందులోంచి ఆవిరి బుసబుసలు. అద్దంలా మెరిసిన పైపు చెదపట్టిన కర్రలా అయిపోయింది. గ్లవ్స్‌తో తడిమినా గరుకు తెలుస్తోంది.

తెలిసినవాళ్ల దగ్గర పీఎంఐ గన్ (లోహంలో ఏమేం ఉన్నాయో అక్కడికక్కడే చెప్పే పరికరం) తెచ్చి పెట్టాం. నికెల్ 10 శాతం, క్రోమియం 17, మాలిబ్డినం 2, మిగతాదంతా దాదాపు ఇనుమే. సీ-276 అయితే నికెల్ 57 దాకా, మాలిబ్డినం 16 దాకా ఉండాలి. అంటే శుద్ధమైన 316 స్టెయిన్‌లెస్!

ఫోన్ చేశాను. మొదట "యాసిడ్ స్ట్రాంగ్‌గా కలిపారేమో" అన్నాడు. గన్ రీడింగ్ చదివి వినిపించాక ఒక్క క్షణం ఆగి, నవ్వుతూ, "316లో కూడా నికెల్ ఉంటుంది కదా సార్" అన్నాడు. నవ్వుతూ! చారలున్నాయి కదా అని పిల్లిని చూపించి పులి అన్నట్టుంది. డబ్బు పోయినదానికన్నా ఆ నవ్వే ఎక్కువ మండుతోంది.

316కి రక్షణ అంతా పైనున్న పల్చటి క్రోమియం ఆక్సైడ్ పొర. వేడి హైడ్రోక్లోరిక్ యాసిడ్‌లో ఆ పొర నిలవదు. సీ-276ని అక్కడ కాపాడేది అందులోని మాలిబ్డినం. మాలిబ్డినం 28 శాతం ఉన్న హాస్టెల్లాయ్ బీ-2 ఇంకా మేలు కదా అని ముందు అనుకున్నాను. కానీ పిక్లింగ్‌లో ఇనుము కరిగి ఫెర్రిక్ అయాన్లు చేరతాయి, క్రోమియం లేని బీ-2 వాటికి తట్టుకోలేదు. నికెల్-రాగి మిశ్రమమైన మోనెల్‌దీ అదే గతి. ఇంత బుర్ర పెట్టి గ్రేడ్ ఎంచుకున్న మేధావిని, వచ్చిన సరుకేంటో చూసుకోలేదు.

డెలివరీకి వచ్చినవాడు అయస్కాంతం పెట్టి, "చూడండి సార్, అంటుకోవట్లేదు, ఒరిజినల్ నికెల్ అల్లాయ్" అన్నాడు. నేను తలూపాను. 316కీ అంటుకోదు, సీ-276కీ అంటుకోదు, స్వచ్ఛమైన నికెల్‌కైతే అంటుకుంటుంది! ఇది నాకు తెలియక కాదు.

ఇంకో సిగ్గుచేటు. డ్రాయింగ్ ప్రకారం సీ-276లో చేస్తే కాయిల్ 17.8 కిలోలు ఉండాలి. ట్రాన్స్‌పోర్ట్ స్లిప్‌లో 16 అని ఉంది. సాంద్రత 8.9కి, 8.0కి ఉన్న తేడా అచ్చంగా అదే. ఆ స్లిప్ మీద సంతకం నాదే.

కొనేవాళ్లు సర్టిఫికెట్‌లోని హీట్ నంబర్ (ఆ లోహాన్ని కరిగించిన బ్యాచ్ నంబర్), పైపు మీద కొట్టిన నంబర్ కలిపి చూసుకోండి (నా వాటిలో ఒక అంకె తేడా, ఇవాళే గమనించాను). దించుకున్న రోజే, వెల్డు మీద కూడా, గన్ పెట్టించండి. డబ్బు ఆ తర్వాతే.

"శాంపిల్" తీసుకెళ్లడానికి రేపు మనిషిని పంపుతాడట. కాయిల్ తాళం వేసిన గదిలో ఉంది, ముక్క కూడా ఇవ్వను.