బ్రోమాడియోలోన్ ఎలుకల మందు కేకులు: తిన్నాయి, చావలేదు (5కి 2 స్టార్లు)

గన్నవరం దగ్గర మాకు లేయర్ (గుడ్లు పెట్టే కోళ్ల) ఫారం ఉంది. ఫీడ్ గదిలో చిట్టెలుకలు ఎక్కువైపోయాయని విజయవాడ వన్ టౌన్‌లో ఒక పురుగుమందుల షాపు నుంచి 0.005 శాతం బ్రోమాడియోలోన్ కేకులు తెచ్చాను. కంపెనీ పేరు రాయడం లేదు. ఏ కంపెనీ డబ్బా అయినా లోపల ఉండే మందు ఇదే.

మొదటి వారం బాగానే పనిచేసింది. తెల్లారేసరికి కేకుల అంచులు సన్నగా గీరినట్టు కొరికి ఉండేవి, గోడ పక్కన నీలం రంగు పెంటికలు కనిపించేవి. కేకులో కలిపిన రంగే అలా బయటికొస్తుంది, అంటే మందు కడుపులోకి వెళ్లినట్టే. కొన్ని చచ్చాయి కూడా. కానీ మూడో వారం దాటినా నీలం పెంటికలు తాజాగా పడుతూనే ఉన్నాయి. షెడ్డు చూసుకునే అబ్బాయి "తింటున్నాయండీ, చావట్లేదు" అన్నాడు. షాపులో అడిగితే ఇంకో నాలుగు డబ్బాలు పెట్టమన్నారు. పెట్టాను, అక్కడే నష్టపోయాను.

ఈ మందు శరీరాన్ని విటమిన్ కె మళ్లీ వాడుకోనివ్వదు, దాంతో రక్తం గడ్డకట్టక ఎలుక కొన్ని రోజులకు చస్తుంది. ఇదే పద్ధతిలో పనిచేసే పాత మందు వార్ఫరిన్‌ను తట్టుకునే ఎలుకలు 1958లోనే స్కాట్లాండ్‌లో బయటపడ్డాయి, వాటి కోసమే తర్వాత బ్రోమాడియోలోన్ లాంటివి వచ్చాయి. 2004లో ఇలా తట్టుకోవడానికి కారణమైన జన్యువును కనిపెట్టారు. అందులో మార్పు ఉన్న చిట్టెలుకల మీద బ్రోమాడియోలోన్ కూడా సరిగా పనిచేయదని యూరప్‌లో తేలింది. మా షెడ్డులో జరిగింది కూడా ఇదేనని నా గట్టి అనుమానం. తట్టుకోలేనివి చచ్చిపోతాయి, తట్టుకున్నవి మిగిలి 20 రోజులకో ఈత ఈనతాయి, మనం డబ్బా మీద డబ్బా పెట్టి వాటినే పెంచినట్టవుతుంది. అందుకే కేకు ముట్టుకోకపోతే పెట్టే చోటు మార్చండి గానీ, వారాల తరబడి తింటూ కూడా చావకపోతే ఆ మందు ఇక ఆపేయండి.

నేను కేకులన్నీ తీసేశాను. ఒలికిన దాణా రోజూ సాయంత్రం ఊడ్పించాను, బస్తాలు గోడకు దూరంగా చెక్కల మీదకి ఎక్కించాను. పెన్సిల్ దూరే సందు ఉంటే చిట్టెలుక కూడా దూరుతుంది, కాబట్టి అలాంటివన్నీ స్టీల్ పీచు కుక్కి సిమెంటుతో పూడ్పించాను. గోడ వెంట పల్లీ ముద్ద పెట్టిన బోన్లు పెట్టాం. రెండు నెలలు పట్టింది, ఇప్పుడు ఫీడ్ గదిలో పెంటికలు దాదాపు లేవు.

మందు తిన్న ఎలుకను తింటే పిల్లికీ గుడ్లగూబకూ ముప్పే, ఆ సంగతి షాపులో ఎవరూ చెప్పలేదు. మా షెడ్డు వెనక తాటిచెట్టు మీద గుడ్లగూబల జంట ఉంటుంది, ఆ నెలంతా వాటి గురించే నాకు టెన్షన్. ఇచ్చిన రెండు స్టార్లు కూడా బయట గట్టు మీద పందికొక్కులు తగ్గినందుకే.