బ్యాంకాక్ టూర్ ఆఖరి రాత్రి 'ఫేర్‌వెల్ డిన్నర్' పేరుతో పైసల గుంజుడు: నల్గొండ, మిర్యాలగూడ వాళ్లు జాగ్రత్త

బ్యాంకాక్–పటాయా గ్రూప్ టూర్‌కు అడ్వాన్స్ కట్టేటోళ్లు ఇది చదివినంకనే కట్టండి. నల్గొండ, మిర్యాలగూడ, సూర్యాపేట నుంచి కుటుంబాలతో పోయినం. టూరంతా బాగనే నడిచింది. ముంచింది ఆఖరి రాత్రే.

ఏజెంటు ఇచ్చిన కాగితంల ఉన్నది ఒక్కటే లైను: 'గ్రాండ్ ఫేర్‌వెల్ డిన్నర్ క్రూజ్, నైట్ అవుట్ ఇంక్లూడెడ్'. నోటితోనైతే చానా చెప్పిండు. పడవ పై అంతస్తు మొత్తం మనకే, ఇండియన్ భోజనం, డీజే, కూల్‌డ్రింకులు ఫ్రీ అన్నడు. చావో ఫ్రయా నదిల పడవ ఎక్కినంక చూస్తే కింది అంతస్తుల, వేరే గ్రూపుల నడుమ సీట్లు. పైకి పోవాల్నంటే మనిషికి 800 బాట్‌లు కట్టమన్నరు. బాట్ అంటే మన రెండున్నర రూపాయల పైమాటే, లెక్క మీరే వేస్కోండి.

నాకు అన్నిటికంటె బాధైంది పెద్దోళ్ల సంగతి. మా అత్తమ్మ, ఇంకా కొందరు నీచు ముట్టరు. థాయ్ వంటల్ల కూరగాయల వేపుడుకు గూడ చేపల సాస్ పోస్తరు. అడిగి తెలుసుకున్నంక ఉత్త అన్నం, పండ్ల ముక్కలు తిని లేచిండ్రు. ఎదురుంగ వాట్ అరుణ్ గుడి లైట్లల్ల మెరుస్తున్నా ఒక్కరు తలెత్తి చూడలే. అంత దూరం పైసలు పెట్టి పోయింది దీనికా?

ఇంకో మాట. మెనూల ధర పక్కన రెండు ప్లస్ గుర్తులుంటే, 10 శాతం సర్వీస్ ఛార్జీ, దాని మీద 7 శాతం వ్యాట్ పడ్తయి. 1000 అని రాసింది 1177 అయితది.

భోజనాలైనంక మగపిల్లలను గైడు బార్లుండే పాట్‌పాంగ్ గల్లీ దిక్కు తీస్కపోయిండు. 'ఎంట్రీ ఫ్రీ, బీరు 100 బాట్‌లు' అని మేడ మీదికి పిలిచి, దిగేటప్పుడు వేలల్ల బిల్లు చేతుల పెట్టే బార్లు అక్కడ పాత మోసమే. షో చూసినందుకు వేరే, కూసున్నందుకు వేరే వేసిండ్రు. తలుపు కాడ మనుషులు అడ్డం నిలబడ్డరు. గైడు ఫోన్ ఎత్తలే. టూరిస్ట్ పోలీసుల నంబరు 1155కు చేస్తమని పిల్లలు గట్టిగ నిలబడితెనే బిల్లు సగానికి దిగింది. ఆ నంబరు రాత్రి పగలు పనిచేస్తది, పోయే ముందే ఫోన్ల వేస్కోండి.

ఇప్పుడు ఏజెంటు 'అది అక్కడి గైడు చేసిండు, మాకు సంబంధం లేదు' అంటుండు. ప్యాకేజీ అమ్మింది ఆయన, రసీదు ఇచ్చింది ఆయన. అందుకే ఏ అంతస్తు, శాకాహారం ఏం పెడ్తరు, తాగేటివి లెక్కల ఉన్నయా, వ్యాన్ మళ్ల హోటల్‌కు తెస్తదా అన్నీ పైసలు కట్టకముందే వాట్సాప్‌ల రాయించుకోండి. రాయనంటే ఆ ఏజెంటును వదిలెయ్యండి.

మోసపోయినోళ్లు 1915 వినియోగదారుల హెల్ప్‌లైన్‌కు చెప్పండి. 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం మనం ఉండే జిల్లా వినియోగదారుల కమిషన్‌లనే కేసు వెయ్యొచ్చు, హైదరాబాద్ పోనక్కర లేదు. కట్టిన మొత్తం 5 లక్షల లోపైతే ఫీజు లేదు, గడువు 2 ఏండ్లు. మేం నల్గొండల వేస్తున్నం. మాతోటి వచ్చినోళ్ల కాడ పడవ బిల్లు, బార్ బిల్లు ఫోటోలు ఉంటే మన వాట్సాప్ గ్రూపుల పెట్టండి, ఫిర్యాదుకు జత చేస్తం.