అన్నపూర్ణ బేస్ క్యాంప్: ఏ బరువు మోయాలి, ఏది వదిలేయాలి

నేపాల్‌లో అన్నపూర్ణ బేస్ క్యాంప్ ట్రెక్‌కి వెళ్తూ పోఖరా ఊళ్లో స్లీపింగ్ బ్యాగ్ అద్దెకు తీసుకునేవాళ్లు షాపులోనే తూకం వేయించండి. అక్కడి టూరిస్టుల పేట లేక్‌సైడ్‌లో ఒకతను "కిలో కూడా ఉండదు సార్" అంటూ నాకు అంటగట్టింది లాడ్జిలో తూస్తే 2.3 కిలోలు! అప్పటికి షాపు కట్టేశారు, తెల్లారితే జీపు. అద్దె రోజుకు 120 నేపాలీ రూపాయలు, డిపాజిట్ 3,000. జిప్పు మొదటి రాత్రే ఊడొచ్చింది. తిరిగొచ్చాక అది మేమే పాడుచేశామని డిపాజిట్‌లో 1,200 కోసుకున్నాడు. ఎంత వాదించినా వినలేదు. తీసుకునేటప్పుడే జిప్పు లాగి చూసి, వీడియో తీసుకోండి.

అలాగని స్లీపింగ్ బ్యాగే వద్దనుకోకండి. దారంతా టీహౌసుల్లో (తిండి, పడక దొరికే చిన్న లాడ్జిల్లో) రజాయిలు ఇస్తారు, నిజమే. కానీ 4,130 మీటర్ల ఎత్తున ఉన్న బేస్ క్యాంప్‌లో సీజన్‌లో గదులు కిక్కిరిసిపోతాయి, మాకు మనిషికి ఒక్క రజాయే దక్కింది. రాత్రి సున్నా కిందికి పోయే చలి అది. నిద్రకు పనికొచ్చే బరువు మోయాల్సిందే. కిలో, కిలోంబావు బ్యాగ్ దొరికేదాకా నాలుగు షాపులు తిరగండి.

తగ్గించాల్సింది బట్టల దగ్గర. మా బావ రెండు జీన్స్, రోజుకో టీషర్టు చొప్పున సర్దుకొచ్చాడు. బ్యాగు 14 కిలోలు. దారిలో ఛోమ్‌రోంగ్ అనే ఊరు దాటాక మెట్లన్నీ నదిదాకా దిగి, మళ్లీ తర్వాతి మజిలీ సినువాకి అంతా ఎక్కాలి. అక్కడ ఆయన మాట్లాడటం మానేశాడు. నా బ్యాగులోంచి నీళ్లిస్తే తీసుకోలేదు కూడా. తడిసిన జీన్స్ దోవాన్‌లో రాత్రంతా ఆరేసినా ఆరలేదు. నడవడానికి ఒక జత, పడుకోవడానికి ఇంకో జత, మూడు జతల ఉన్ని సాక్సులు, డౌన్ జాకెట్, వానకోటు: ఇంతే చాలు. ఒంటి బరువులో ఐదో వంతు మించి వీపున వేసుకోవద్దని ట్రెక్కర్లు చెప్పే లెక్క మోకాళ్లకు బాగా తెలుస్తుంది.

తిండి మోయడం శుద్ధ దండగ. దాల్ భాత్‌లో అన్నం, పప్పు, కూర అడిగినన్నిసార్లు వేస్తారు. కింద 650, పైన 950 నేపాలీ రూపాయలు పెట్టాం. ఖరీదే, కానీ ఆ ఎత్తుకి సరుకంతా మనుషుల వీపుల మీదే చేరుతుంది. దేవురాలీలో ఒక అక్క మేం అడక్కుండానే మూడోసారి పప్పు పోసింది, పక్కన వేడివేడి ముల్లంగి కూర. ఆ పూట బావ కూడా నవ్వాడు. నా వంద గ్రాముల ఆవకాయ సీసా మాత్రం అడుగంటా ఖాళీ అయింది, అది మోసినందుకు నాకు ఏ బాధా లేదు.

ఛోమ్‌రోంగ్ పైన ప్లాస్టిక్ నీళ్ల సీసాలు అమ్మరు. లీటరు సీసా, క్లోరిన్ బిళ్లలు పెట్టుకోండి. మూడు లీటర్లు నింపుకుని నడవకండి, గంట రెండు గంటలకో టీహౌస్ వస్తుంది. ఫోన్ ఛార్జింగ్‌కి పైన 200 దాకా అడిగారు, కాబట్టి నాలుగు వందల గ్రాముల పవర్ బ్యాంక్ మోయడం లాభమే. ట్రెక్ ప్రాంతంలోకి వెళ్లడానికి కావాల్సిన పర్మిట్ మన భారతీయులతో సహా దక్షిణాసియా (సార్క్) దేశాలవాళ్లకు 1,000 నేపాలీ రూపాయలు, మిగతా విదేశీయులకు 3,000.

మోకాలి నొప్పి ఉన్నవాళ్లు ఇద్దరికి కలిపి ఒక పోర్టర్‌ని పెట్టుకోండి. మొత్తం సామాను 15 కిలోలు దాటనివ్వకండి, కూలీ బేరమాడకండి, ఆయన తిండి, పడక ఎవరు చూస్తారో బయల్దేరే ముందే తేల్చుకోండి.